చిన్న దేశానికి ఏ ఫైటర్ జెట్? విమానం కంటే ముందు చూడాల్సిన లెక్కలు

భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో సైన్యం, వాయుసేన అధికారుల ఎంపిక పరీక్షలైన ఎన్‌డీఏకీ ఏఎఫ్‌క్యాట్‌కీ తయారవుతున్న పిల్లలు గ్రూప్ డిస్కషన్ అనగానే ఒక ప్రశ్న పట్టుకుంటారు. ఫ్రాన్స్ రఫేల్ గొప్పదా, అమెరికా ఎఫ్-16 గొప్పదా, స్వీడన్ గ్రిపెన్ గొప్పదా? కొనేది ఎవరో చెప్పకుండా ఈ ప్రశ్నకు సమాధానం లేదు. వేగం, రాడార్ దూరం, క్షిపణుల సంఖ్య పక్కపక్కన పేర్చి గెలుపోటములు తేల్చే పోలికలు ఇప్పటికే బోలెడున్నాయి. ఇక్కడ మాత్రం కొనే దేశం కుర్చీలో కూర్చుని చూద్దాం. ఖజానా చిన్నది, పైలట్లు తక్కువ, ఉన్న పాత మిగ్‌లు ఇవాళో రేపో మూలపడేలా ఉన్నాయి. ఆ కుర్చీలోంచి చూస్తే లెక్కలు వేరుగా ఉంటాయి.

చిన్న దేశం అంటే ఎంత చిన్నది? 2011 జనగణనలో ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా జనాభా సుమారు 51.5 లక్షలు, పశ్చిమ గోదావరి 39.4 లక్షలు. రెండూ కలిపితే 91 లక్షలు. స్విట్జర్లాండ్ దాదాపు అంతే. హంగరీ కొంచెం ఎక్కువ. స్లొవేకియా ఒక్క తూర్పు గోదావరి కంటే కాస్త పెద్దది. క్రొయేషియా పశ్చిమ గోదావరికి ఇంచుమించు సమానం. మనం ఒక జిల్లాగా చూసేటంత జనం ఉన్న దేశాలు యుద్ధవిమానాలు కొని, పైలట్లను తయారు చేసి, ముప్పై ఏళ్ళు పోషిస్తున్నాయి.

డబ్బుకు కూడా మన కొలతే పెట్టుకుందాం. పోలవరం ప్రాజెక్టుకు 2017-18 ధరల్లో సాంకేతిక సలహా కమిటీ ఒప్పుకున్న అంచనా 55,548 కోట్ల రూపాయలు. స్విట్జర్లాండ్ తన కొత్త ఫైటర్ల కోసం ఓటర్ల దగ్గర అనుమతి తీసుకున్న మొత్తం 600 కోట్ల ఫ్రాంకులు. మన రూపాయల్లో అది అరవై వేల కోట్ల పైమాటే. దాంతో 36 విమానాలు కొనాలనుకున్నారు, ఒక పోలవరం ఖర్చు వాటిలోకే వెళ్ళిపోతుందన్నమాట. స్విస్ వాళ్ళు ధనవంతులు కాబట్టి తట్టుకుంటారు. బల్గేరియా, ఫిలిప్పీన్స్ లాంటి దేశాలకు అదే నిర్ణయం చాలా బరువు.

## ముందు తేల్చుకోవాల్సినవి

పని ఏమిటి? శాంతికాలంలో ఫైటర్ చేసే అసలు పని ఆకాశంలో గస్తీ. రేడియోకి జవాబివ్వని విమానం సరిహద్దు దాటితే నిమిషాల్లో రెండు జెట్లు లేవాలి. ఆ రెండూ ఏడాది పొడవునా, రాత్రీ పగలూ సిద్ధంగా ఉండాలంటే వాటి వెనక డజను ఉండాలి. కొన్ని మరమ్మతులో ఉంటాయి, కొన్ని శిక్షణలో ఉంటాయి, మిగిలినవే కాపలాకి దొరుకుతాయి. చెక్, హంగరీ 14 చొప్పున కౌలుకి తెచ్చుకున్నా, స్లొవేకియా 14 కొన్నా, క్రొయేషియా, సెర్బియా 12 చొప్పున కొన్నా కారణం ఇదే. ఈ సంఖ్యతో గస్తీ నడుస్తుంది గానీ యుద్ధం నడవదు. రెండింటికీ ఒకే డజను సరిపోతుందని ప్రజలకు చెప్పే ప్రభుత్వం వాళ్ళను మోసం చేస్తున్నట్టే.

కాపలా లేని ఆకాశం ఎలా ఉంటుందో మన తీరం ఒకసారి చూసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. అందుకే గస్తీ పనిని నేను చిన్నచూపు చూడను.

ఏడాదికి ఎన్ని గంటలు ఎగరగలం? కొనడం ఒకరోజు వార్త. మేపడం ముప్పై ఏళ్ళ పని. పైలట్‌కి ఏటా 180 గంటలు ఎగిరే అవకాశం ఉండాలన్నది నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) దేశాల్లో తరచూ వినిపించే ప్రమాణం. 12 విమానాలకు 18 మంది పైలట్లు ఉన్నారనుకోండి, ఏటా 3,240 గంటలు. గంటకి పదివేల డాలర్లు తినే విమానమైతే 3.24 కోట్ల డాలర్లు, ముప్పై వేలు తినేదైతే 9.72 కోట్లు. ఈ రెండింటి మధ్య తేడాయే మన రూపాయల్లో ఏటా ఐదు వందల కోట్లు దాటుతుంది. ఆ డబ్బు బడ్జెట్‌లో లేనప్పుడు మొదట కోత పడేది ఎగిరే గంటల మీదే. చేతికి అలవాటు తప్పిన పైలట్‌తో ఎంత మంచి విమానమైనా ప్రమాదమే.

అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2024లో ఆ దేశపు కొత్త తరం ఫైటర్ ఎఫ్-35 మొత్తం కార్యక్రమానికి వేసిన లెక్క చూడండి: కొనుగోలుకు సుమారు 44,200 కోట్ల డాలర్లు, జీవితకాలం పోషించడానికి 1.58 లక్షల కోట్ల డాలర్లు. మూడున్నర రెట్లు. అగ్రరాజ్యం లెక్కే ఇలా ఉంటే చిన్న దేశం కొనుగోలు ధర ఒక్కటే చూసి సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. దక్షిణాఫ్రికా 26 గ్రిపెన్లు కొంది, మంచి విమానాలే. బడ్జెట్ చాలక సగానికి సగం దాచిపెట్టింది. 2021లో నిర్వహణ ఒప్పందం ముగిసిపోయాక ఏడాదిపాటు మొత్తం నేల మీదే ఉన్నాయి.

తాళం ఎవరి చేతిలో? నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇది. ఫైటర్ కొన్న రోజు నుంచి స్పేర్ పార్టులు, ఇంజిన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం), సాఫ్ట్‌వేర్, క్షిపణులు అన్నిటికీ అమ్మినవాడి దయ కావాలి. ఇంకొకరికి అమ్మాలన్నా వాడి అనుమతి కావాలి. పైకి స్వీడన్ విమానమైనా, కొరియా విమానమైనా లోపలి ఇంజిన్ అమెరికాది, ఎజెక్షన్ సీటు బ్రిటన్‌ది అయి ఉండొచ్చు. 1978లో స్వీడన్ తన విగ్గెన్ ఫైటర్‌ను మన దేశానికి అమ్మాలనుకుంటే, అందులోని ఇంజిన్‌కు అమెరికన్ మూలం ఉన్నందున వాషింగ్టన్ అడ్డుపడింది. మనం జాగ్వార్ తీసుకున్నాం.

అర్జెంటీనా కథ ఇంకా చేదుగా ఉంటుంది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత బ్రిటన్ ఆయుధ ఆంక్షలు వదల్లేదు. 2015లో మిరాజ్‌లు రిటైరయ్యాక అర్జెంటీనా కొరియా తేలిక ఫైటర్ ఎఫ్ఏ-50 అడిగింది. అందులో బ్రిటిష్ భాగాలున్నాయని 2020లో అది ఆగిపోయింది. మన తేజస్ మీద ఆసక్తి చూపినప్పుడూ బ్రిటిష్ ఎజెక్షన్ సీటే అడ్డం వచ్చింది. చివరికి 2024లో డెన్మార్క్ వాడేసిన 24 ఎఫ్-16లకు ఒప్పందం కుదిరింది, అది కూడా అమెరికా దగ్గరుండి నడిపించబట్టి.

పాకిస్తాన్ 28 ఎఫ్-16లకు డబ్బు కట్టింది. అణ్వాయుధ కార్యక్రమం కారణంగా ఆ దేశానికి సాయం ఆపే అమెరికా చట్టం, ప్రెస్లర్ సవరణ, 1990లో అమల్లోకి రావడంతో అవి రాలేదు. అమెరికా ఎడారిలో నిల్వ ఉండిపోయాయి. 1998లో పరిష్కారం కుదిరి కొంత నగదుగా, కొంత గోధుమల రూపంలో తిరిగొచ్చింది. అవే 28 విమానాలను న్యూజిలాండ్ లీజుకి తీసుకోబోయి 2000లో వద్దనుకుంది. ఆ దేశం గురించి కింద మళ్ళీ చెబుతాను.

కొనే దేశం ఎంత నిస్సహాయంగా ఉండగలదో మన రొయ్యల రైతులకు వేరే చెప్పాల్సిన పనిలేదు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ నిర్ణయం వాషింగ్టన్‌లో జరిగింది, కౌంటు ధర మాత్రం ఇక్కడ చెరువు గట్టు మీద పడింది. అదే నెలలో స్విట్జర్లాండ్ మీద 39 శాతం సుంకం పడింది. అదే అమెరికా నుంచి ఎఫ్-35లు కొంటున్న దేశం అది. "ఇంత కొంటున్నా మాకీ దెబ్బా" అని అక్కడి పార్లమెంటులో ఆ కొనుగోలునే తిరగదోడమన్నవాళ్ళున్నారు.

డబ్బు ఏ రూపంలో? మొత్తం ఒకేసారి, అమ్మే దేశం పూచీతో అప్పు, లీజు, లేదా సరుకు మార్పిడి. ఈజిప్టు 2015లో, 2021లో రఫేల్‌లు కొన్నది ఎక్కువ భాగం ఫ్రాన్స్ పూచీ ఉన్న రుణంతోనే. మలేసియా 1990లలో మిగ్-29లకూ, 2003లో సుఖోయ్-30లకూ కొంత భాగం పామాయిల్‌తో చెల్లించింది. ఇండొనేసియా 2018లో సుఖోయ్-35లకు సగం విలువ పామాయిల్, కాఫీ, రబ్బరు లాంటి సరుకులతో కడతానంది. అమెరికా ఆంక్షల భయంతో ఆ ఒప్పందం ముందుకు సాగలేదు. 2022లో అదే దేశం 810 కోట్ల డాలర్లకు 42 రఫేల్‌లు తీసుకుంది. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్న ప్రాంతం వాళ్ళం కదా, గెలల ధర ఏడాదికేడాది ఎలా ఊగుతుందో తెలుసు. సరుకుతో చెల్లింపు వినడానికి బాగుంటుంది గానీ ఏ రోజు ధరకు లెక్క కట్టాలన్నది రాసుకోకపోతే నష్టం కొనేవాడికే.

నేల, ఉప్పుగాలి, తుఫాను. ఇది చాలా పోలికల్లో కనబడదు. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఉన్నలాంటి తీరం ఉన్న దేశం తుప్పు కోసం ప్రత్యేకంగా ఖర్చుపెట్టాలి. విమానాలు తరచూ కడగాలి, తేమ తగ్గించే హ్యాంగర్లు కట్టాలి. 1996 నవంబరు తుఫాను కోనసీమకు ఏం చేసిందో గుర్తున్నవాళ్ళకు ఇంకో సంగతి అర్థమవుతుంది. 2018లో ఫ్లోరిడాలోని టిండాల్ స్థావరం మీదికి మైకేల్ తుఫాను వచ్చినప్పుడు, మరమ్మతులో ఉండి ఎగరలేని ఎఫ్-22 ఫైటర్లను హ్యాంగర్లలోనే వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఎగరగల స్థితిలో ఎన్ని ఉంటాయన్నది యుద్ధానికే కాదు, తుఫానుకీ ముఖ్యమే.

## ఒక్కచూపులో

| దారి | వెళ్ళిన దేశాలు | ఎందుకు మంచిది | ఎక్కడ నొప్పి |
|---|---|---|---|
| కొత్త ఎఫ్-16 బ్లాక్ 70 | బల్గేరియా, స్లొవేకియా, బహ్రెయిన్ | విడిభాగాలు, అనుభవం ప్రపంచమంతా | క్యూ పొడవు, తాళం అమెరికాది |
| గ్రిపెన్ | హంగరీ, చెక్, థాయ్‌లాండ్, బ్రెజిల్ | తక్కువ సిబ్బంది, చిన్న రన్‌వే, లీజు | ఇంజిన్ అమెరికన్ |
| రఫేల్ | క్రొయేషియా, సెర్బియా, ఇండొనేసియా | అమెరికా అనుమతి మీద ఆధారం తక్కువ | ధర, రెండు ఇంజిన్ల పోషణ |
| ఎఫ్-35 | స్విట్జర్లాండ్, బెల్జియం, చెక్ | పోరాట శక్తి, మిత్రదేశాలతో ఒకే వ్యవస్థ | గంట ఖర్చు, పూర్తి ఆధారపడటం |
| ఎఫ్ఏ-50 | ఫిలిప్పీన్స్, మలేసియా | చవక, శిక్షణకూ పోరాటానికీ | బలమైన శత్రువు ముందు నిలవదు |
| జేఎఫ్-17 (చైనా-పాకిస్తాన్) | మియన్మార్, నైజీరియా, అజర్‌బైజాన్ | రాజకీయ షరతులు తక్కువ | రష్యన్ ఇంజిన్ |
| తేజస్ | ఇంకా విదేశీ కొనుగోలుదారు లేరు | తేలిక, ఒకే ఇంజిన్ | ఉత్పత్తి ఆలస్యం |
| వాడిన విమానాలు | రొమేనియా, అర్జెంటీనా, క్రొయేషియా | వెంటనే, తక్కువ ధర | మిగిలిన జీవితకాలం |
| ఫైటర్లే వద్దు | న్యూజిలాండ్, బాల్టిక్ దేశాలు | ఖర్చు లేదు | పక్కవాడి మీద భారం |

## ఒక్కో దారి

కొత్త ఎఫ్-16. పేరు పాతదే అయినా దాని తాజా రకం బ్లాక్ 70 కొత్త రాడార్‌తో, 12,000 గంటల జీవితకాలంతో వస్తుంది. ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. చిన్న దేశానికి ఇది పెద్ద నిశ్చింత. ఇబ్బంది ఎదురుచూపు. బల్గేరియా 2019లో 8 విమానాలకు సుమారు 125 కోట్ల డాలర్లు ముందుగానే కట్టేసింది. మొదటిది బల్గేరియా నేల మీద దిగింది 2025 ఏప్రిల్‌లో. స్లొవేకియా 2018లో 14కి సంతకం చేస్తే 2024లో మొదలయ్యాయి. ఈ మధ్యలో పాత మిగ్-29లు ఆపేయడంతో దాని ఆకాశాన్ని చెక్, పోలండ్ కాశాయి. పొరుగువాళ్ళు మంచివాళ్ళయ్యారు కాబట్టి గడిచింది. మీ పొరుగు అలాంటిది కాకపోతే ఆ ఆరేళ్ళు ఏం చేస్తారన్నది ముందే రాసుకోవాలి.

గ్రిపెన్. ఈ జాబితాలో చిన్న దేశాన్ని మనసులో పెట్టుకుని పుట్టిన విమానం ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. కోటి జనం ఉన్న స్వీడన్, పెద్ద సోవియట్ పొరుగు ముందు నిలవడానికి దీన్ని తయారు చేసుకుంది. స్థావరాల మీద మొదటి రోజే బాంబులు పడతాయని ఊహించి, సుమారు 800 మీటర్ల రోడ్డు ముక్క మీద దిగేలా, కొద్దిమంది సిబ్బందితో పదీ పదిహేను నిమిషాల్లో ఇంధనం, ఆయుధాలు నింపుకుని మళ్ళీ లేచేలా రూపొందించింది. ఆ సిబ్బందిలో ఎక్కువమంది కొద్దినెలల శిక్షణ పొందిన కుర్రాళ్ళే. మన జాతీయ రహదారి 16 మీద కొరిశపాడు దగ్గర నాలుగు కిలోమీటర్ల అత్యవసర రన్‌వే ఉంది. 2024 మార్చిలో వాయుసేన ఏఎన్-32 రవాణా విమానాలు అక్కడ దిగి లేచాయి. అలాంటి రోడ్డును నిజంగా యుద్ధానికి వాడాలంటే విమానం ఒక్కటే చాలదు. ట్యాంకర్ లారీలు, ఆయుధాల బండి, సిబ్బంది కదలడం, అన్నీ ఆ ఆలోచనతోనే ఉండాలి. గ్రిపెన్ మొత్తం ఆ ఆలోచన చుట్టూ కట్టినది.

లీజు సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. చెక్ 2005 నుంచి, హంగరీ 2006 నుంచి 14 గ్రిపెన్లను లీజుకి వాడుతున్నాయి. డెల్టాలో చాలా పొలం కౌలు మీద సాగవుతుంది కాబట్టి ఈ లెక్క మనకు బాగా పడుతుంది. పెట్టుబడి లేనివాడు కౌలు తీసుకుంటాడు, భూమి తనది కాదు, ఏటా కట్టాల్సింది మాత్రం తప్పదు, ఒప్పందం చివర ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. హంగరీ ఆ చివరి సంగతి ముందే రాయించుకుంది. 2026 తర్వాత విమానాలు తన సొంతమవుతాయి. చెక్ మాత్రం ఈ లీజు తర్వాత 24 ఎఫ్-35లకు వెళ్తోంది. అవి 2031 నుంచి వస్తాయి. 2024 ఫిబ్రవరిలో హంగరీ మరో నాలుగు గ్రిపెన్లు తీసుకున్న కొద్ది రోజులకే స్వీడన్ నాటో సభ్యత్వానికి దాని పార్లమెంటు ఆమోదం తెలిపింది. ఫైటర్ ఒప్పందాల్లో రాజకీయం ఎంత దగ్గరగా నడుస్తుందో చూడండి.

బ్రెజిల్ 2014లో కొత్త రకం గ్రిపెన్-ఇ/ఎఫ్‌లు 36కి ఒప్పందం చేసుకుని కొన్నిటిని తన ఎంబ్రాయర్ ఫ్యాక్టరీలోనే తయారు చేసుకుంటోంది. అది పెద్ద దేశం, విమాన పరిశ్రమ ఉన్న దేశం. 12 విమానాలు కొనే దేశం టెక్నాలజీ బదిలీ అంటూ ధర పెంచుకోవడంలో అర్థం లేదు. మరమ్మతు కేంద్రం అడిగితే చాలు. థాయ్‌లాండ్ 2023లో ఎఫ్-35 అడిగితే అమెరికా ఇవ్వలేదు. రెండేళ్ళ తర్వాత ఆ దేశం మొదటి విడతగా నాలుగు గ్రిపెన్-ఇ/ఎఫ్‌లకు సంతకం చేసింది.

రఫేల్. పక్కపక్క దేశాల రెండు ఒప్పందాలు పెట్టి చూడండి. క్రొయేషియా 2021లో ఫ్రెంచ్ వాయుసేన వాడిన 12 రఫేల్‌లను 99.9 కోట్ల యూరోలకు తీసుకుంది. సెర్బియా 2024లో కొత్తవి 12కి 270 కోట్ల యూరోలకు సంతకం చేసింది. యూరో వంద రూపాయలనుకుంటే ఒకటి పదివేల కోట్లు, ఇంకోటి 27 వేల కోట్లు. ప్యాకేజీలు ఒకటి కావు, నిజమే. అయినా గస్తీయే ప్రధానమైన దేశానికి వాడినది ఎందుకు సరిపోదో నాకు అర్థం కాదు. క్రొయేషియా వీటి ముందు ఇజ్రాయెల్ నుంచి 12 పాత ఎఫ్-16లు తీసుకోవాలనుకుంది. ఇజ్రాయెల్ అమర్చిన పరికరాలు తీసేయాలని అమెరికా పట్టుబట్టడంతో 2019లో అది చెడింది. తాళం కథే మళ్ళీ. ఫ్రాన్స్ వైపు వెళ్ళినవాళ్ళు చెల్లించే అదనపు ధరలో కొంత భాగం ఈ స్వేచ్ఛకు వెల.

ఎఫ్-35. శత్రువు బలమైన క్షిపణి వ్యవస్థలతో ఉన్నప్పుడు దీనికి సాటి లేదు. కానీ గంట ఖర్చు ముప్పై వేల డాలర్లు దాటుతుంది, ప్రత్యేక స్థావరం కావాలి, సాఫ్ట్‌వేర్ నుంచి స్పేర్ల దాకా అమెరికా వ్యవస్థలో భాగమైపోవాలి. రష్యా క్షిపణి రక్షణ వ్యవస్థ ఎస్-400 కొన్నందుకు 2019లో టర్కీని ఈ కార్యక్రమం నుంచే తీసేశారు. నాటో మధ్యలో కూర్చున్న సంపన్న దేశాలకు తప్ప చిన్న దేశానికి నేను సిఫార్సు చేయను.

ఎఫ్ఏ-50. ఫిలిప్పీన్స్ 2005లో ఎఫ్-5లు ఆపేశాక పదేళ్ళు ఫైటర్ లేకుండా ఉంది. 2014లో 12 ఎఫ్ఏ-50లకు ఒప్పందం చేసుకుని 2017లో మరావి నగరంలో ఉగ్రవాదులతో జరిగిన పోరులో వాడింది. 2025లో మరో 12కి 70 కోట్ల డాలర్లు. అదే ఏడాది అమెరికా 20 ఎఫ్-16లకు ఆమోదించిన ప్యాకేజీ విలువ 558 కోట్ల డాలర్లు. మనీలా దగ్గర అంత డబ్బు లేదు. శిక్షణ, తిరుగుబాట్లు, సముద్ర గస్తీ ఇవే పనులైతే ఎఫ్ఏ-50 నిజాయితీ గల ఎంపిక. చైనా ఫైటర్లకు ఎదురు నిలబెట్టాలంటే కాదు.

జేఎఫ్-17. పశ్చిమ దేశాలు అమ్మని చోట్లకు వెళ్ళే విమానం. నైజీరియా మూడింటికి కేటాయించింది సుమారు 18.4 కోట్ల డాలర్లు. చవకే. ఇంజిన్ రష్యాది, విమానం చైనా-పాకిస్తాన్‌లది కాబట్టి ఒకటి కాదు, మూడు తాళాలు.

తేజస్. మనది కాబట్టి మనసు అటే లాగుతుంది. పరిమాణం, ఒకే ఇంజిన్, బరువు చూస్తే చిన్న దేశానికి అతికినట్టుంటుంది. మన వాయుసేన 2021లో 83, 2025లో మరో 97 ఆర్డర్ చేసింది. కానీ అమెరికా కంపెనీ జీఈ ఎఫ్404 ఇంజిన్లు ఆలస్యంగా రావడంతో తేజస్ కొత్త రకం మార్క్-1ఏ మన స్క్వాడ్రన్లకే సమయానికి అందలేదు. సొంత వాయుసేన క్యూలో నిలబడి ఉండగా విదేశీ దేశానికి ఏ తేదీ ఇస్తాం? తేజస్‌ను కూడా పరిశీలించిన మలేసియా 2023లో ఎఫ్ఏ-50 వైపు మొగ్గింది. 2025 నవంబరులో దుబాయ్ ఎయిర్‌షోలో జరిగిన తేజస్ ప్రమాదంలో పైలట్ ప్రాణాలు కోల్పోయారు. ఆ నష్టం ఏ అమ్మకం కంటే పెద్దది. తేజస్ బయటి దేశాలకు వెళ్ళాలని నేను గట్టిగా కోరుకుంటాను. అందుకు దగ్గరి దారి బ్రోచర్లు కాదు, నాసిక్, బెంగళూరు లైన్ల నుంచి నెలనెలా విమానాలు బయటికి రావడం.

వాడినవి. రొమేనియా దారి నాకు నచ్చుతుంది. 2013 నుంచి పోర్చుగల్ పాత ఎఫ్-16లు 17 తీసుకుని మనుషులను తయారు చేసుకుంది. 2022లో నార్వే నుంచి 32 తీసుకుంది, 38.8 కోట్ల యూరోలకు. 2024లో 32 ఎఫ్-35లకు సంతకం పెట్టింది. మెట్లు మెట్లుగా ఎక్కింది. అర్జెంటీనా 24 విమానాలకు సుమారు 30 కోట్ల డాలర్లే. ఇలాంటివి తీసుకునేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: ప్రతి విమానానికీ ఇంకా ఎన్ని గంటల జీవితం మిగిలి ఉంది, ఇంజిన్లకు ఓవర్‌హాల్ ఎప్పుడు?

ఫైటర్లే వద్దు. న్యూజిలాండ్ 2000లో ఆ 28 ఎఫ్-16ల లీజు రద్దు చేసి, 2001లో పాత స్కైహాక్ జెట్ల పోరాట దళాన్నే మూసేసింది. దగ్గరలో శత్రువు లేని ద్వీప దేశానికి అది చెల్లింది. ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియాల ఆకాశాన్ని 2004 నుంచి నాటో దేశాలు వంతులవారీగా కాస్తున్నాయి. స్లొవేనియాను ఇటలీ, హంగరీ చూసుకుంటున్నాయి. సిగ్గుపడాల్సిన దారి కాదిది. ఆ మిత్రత్వం కాగితం మీద, ఒప్పందం రూపంలో ఉండాలంతే.

## ఎవరికి ఏది

కూటమి నీడలో ఉన్న, డబ్బు తక్కువ ఉన్న దేశం అయితే: వాడిన ఎఫ్-16లో, వాడిన రఫేలో, గ్రిపెన్ లీజో. 12 నుంచి 14 చాలు. మిగిలిన డబ్బు పైలట్ల గంటలకు.

మన తీరం లాంటి పొడవాటి కోస్తా, చేపల దొంగవేట, అప్పుడప్పుడు చొరబాట్లు, కానీ పెద్ద శత్రువు లేడు: ముందు సముద్ర గస్తీ విమానాలు, రాడార్లు. తర్వాత డజను ఎఫ్ఏ-50లు. ఫైటర్ పైలట్ల తరం ఒకటి తయారయ్యాక పై మెట్టు ఆలోచించొచ్చు.

పెద్ద పొరుగు నిజంగా దండెత్తే ప్రమాదం ఉంటే, ఇక్కడ నా మాట చాలామందికి నచ్చదు. మొదటి డబ్బు నేల మీది క్షిపణి రక్షణకు వెళ్ళాలి. డజను ఫైటర్లు ఒకే స్థావరంలో ఉంటే మొదటి గంటలోనే పోతాయి. ఆ తర్వాత రోడ్ల మీద చెల్లాచెదురుగా ఉంచగల గ్రిపెన్లు, ఇరవై నాలుగుకి తగ్గకుండా. జాగా ఉంటే దాచిపెట్టే ఏర్పాట్లు, నకిలీ విమానాలు, రన్‌వే గుంతలు పూడ్చే దళాలు. వార్తల్లోకి ఎక్కేవి కాకపోయినా ప్రాణాలు నిలిపేవి ఇవే.

ఆంక్షల కారణంగా పశ్చిమ దేశాలు అమ్మవనుకునే దేశాలకు చైనా వైపు తప్ప దారి కనబడదు. వాళ్ళు కనీసం ఇంజిన్ల సంఖ్య ఎక్కువ కొని నిల్వ పెట్టుకోవాలి.

గోదావరి జిల్లాలంత జనం ఉన్న, డబ్బు మధ్యస్థంగా ఉన్న, శత్రువు స్పష్టంగా లేని దేశానికి మంత్రిని నేనైతే హంగరీ పద్ధతిలో 14 గ్రిపెన్లు లీజుకి తీసుకుంటాను, చివర్లో సొంతమయ్యే షరతుతో. పక్కన శిక్షణకు కొన్ని తేలిక జెట్లు. ఎఫ్-35 అమ్మేవాళ్ళు ఎంత మర్యాద చేసినా లోపలికి రానివ్వను.

## సంతకానికి ముందు రాయించుకోవాల్సినవి

క్షిపణుల ధర విడిగా అడగండి. గగనతల పోరాట క్షిపణి ఒక్కోటి పది లక్షల డాలర్ల స్థాయిలో ఉంటుంది. విమానానికి రెండు చొప్పున కొని ఊరుకుంటే గస్తీ ఫొటోలకు సరిపోతుంది.

నిర్వహణ ఒప్పందం కనీసం పదేళ్ళు, పునరుద్ధరణ తేదీకి రెండేళ్ళ ముందే చర్చలు మొదలవ్వాలని కాగితం మీద ఉండాలి. దక్షిణాఫ్రికా తప్పింది ఇక్కడే.

ప్రజల అనుమతి కూడా ముందే తీసుకోవడం మంచిది. స్విట్జర్లాండ్‌లో 2014లో గ్రిపెన్ కొనుగోలును 53.4 శాతం ఓటర్లు తోసిపుచ్చారు. 2020లో కొత్త ఫైటర్ల బడ్జెట్ 50.1 శాతంతో గట్టెక్కింది, దేశమంతా కలిపి తేడా తొమ్మిది వేల ఓట్ల లోపే. అంత సన్నటి ఆమోదంతో 600 కోట్ల ఫ్రాంకుల మాట ఇచ్చిన ప్రభుత్వం తర్వాత ఒక్క ఫ్రాంకు ఎక్కువ అడగాలన్నా ఇబ్బందే.

అడగాల్సి వచ్చింది కూడా. 36 ఎఫ్-35లకు ధర స్థిరమని స్విస్ ప్రభుత్వం ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది. 2025లో అమెరికా అది అపార్థమంది, అదనంగా 65 కోట్ల నుంచి 130 కోట్ల ఫ్రాంకుల దాకా పడొచ్చని తేలింది. అమెరికా ప్రభుత్వం ద్వారా జరిగే సైనిక అమ్మకాల్లో ఒప్పంద పత్రంలోని అంకె సాధారణంగా అంచనాయే. తయారీదారుకు ఎంత అయితే అంత కొనేవాడు కట్టాలి. కాబట్టి ధర స్థిరమని అమ్మేవాళ్ళు నోటితో చెబితే వినకండి. ఏ పేజీలో, ఏ వాక్యంలో ఉందో చూపించమనండి. పెరిగితే విమానాల సంఖ్య తగ్గించుకునే హక్కు మనకుందని దాని కిందే రాయించండి.